వదిలెయ్యని ఆట

మా పిల్లల బాస్కెట్‌బాల్ ప్రాక్టీసులో ప్రతి ఆటకీ స్కోరు రాయాలని నేను పట్టుబట్టిన రోజుల్లో మా సంఘ పెద్ద ఒకాయన ఆరాధన అయ్యాక నన్ను పక్కకి పిలిచారు. "మాస్టారూ, ఒకరినొకరు ప్రేమించుకోమని ఆదివారం పిల్లలకి చెప్తాం. సోమవారం సాయంత్రం మీరు వాళ్లలో వాళ్లకే పోటీ పెట్టి, గెలిచినోళ్లెవరో ఓడినోళ్లెవరో గోడ మీద రాస్తున్నారట. ఈ రెండూ ఎలా పొసుగుతాయి?" అన్నారు. ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు. మనవరాలు మా దగ్గరే ఆడుతుంది కాబట్టి నిజంగానే తెలుసుకోవాలని అడిగారు.

"ఆలోచించి చెప్తానండీ" అన్నాను. ఆ ఆలోచన చాలా కాలం నడిచింది. అందులో నాకు అందినది కొంత వాక్యంలోంచి వచ్చింది, కొంత ఈ ఆట పుట్టిన కథలోంచి వచ్చింది. ఎక్కువ భాగం మాత్రం రింగు కింద చెమటతో నిలబడ్డ పిల్లల దగ్గరే దొరికింది.

మాది పరవాడ. 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్నాం గానీ బయట ఎవరైనా అడిగితే ఇప్పటికీ వైజాగనే చెప్పుకుంటాం. సింహాద్రి థర్మల్ ప్లాంటు 2002లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు 4 యూనిట్లు, 2000 మెగావాట్లు. ఆ తర్వాత ఫార్మా సిటీ వచ్చింది. ఇటు లంకెలపాలెం దాటి కూర్మన్నపాలెం వైపు వెళితే స్టీల్ ప్లాంటు, అటు సముద్రం వైపు దిగితే ముత్యాలమ్మపాలెం. కోర్టుకొచ్చే పిల్లల్లో ఈ నాలుగూ ఉంటాయి. ఒకరి నాన్న టర్బైన్ దగ్గర, ఒకరి నాన్న మందుల కంపెనీలో, ఒకరిది ఉక్కు, ఒకరిది వేట. ఏ షిఫ్టు ఎవరికన్నది నాకు కంఠతా రావాల్సిందే. సాయంత్రాలు పట్టే బి షిఫ్టు పడ్డ వారం కొందరు పిల్లల్ని దింపేవాళ్లుండరు. రాత్రిపూట సి షిఫ్టు వారంలో నాన్న పగలు పడుకుంటాడు కాబట్టి ఇంట్లో బంతి చప్పుడు చెయ్యనివ్వరు. ఆ పిల్లలు కోర్టుకి ముందే వచ్చేసి గోడకేసి పాసులు కొట్టుకుంటూ ఉంటారు.

కోర్టు సిమెంటుది. ఒక రింగు కొంచెం కిందికి వంగింది, వల ఎప్పుడో ఉప్పుగాలికి చివికిపోయింది. ఒక పక్క పొడుగాటి ప్రహరీగోడ ఉంది. ఆ గోడే మా స్కోరుబోర్డు.

పోటీ ప్రాక్టీసంటే ఏమిటో ఆట తెలియనివాళ్లకి చెప్పాలి. మామూలుగా ప్రాక్టీసంటే వరసలో నిలబడి, రింగు దాకా పరిగెత్తి లేఅప్పులు కొట్టడం, కోన్ల మధ్య డ్రిబ్లింగ్, చివర్లో ఒక మ్యాచ్. వరసలో నిలబడ్డ పిల్లకి ఎదురెవరూ ఉండరు. అక్కడ పదికి తొమ్మిది వేసిన పిల్ల మ్యాచ్‌లో ఒక చెయ్యి మొహం మీదికి రాగానే బంతి ఎక్కడ పెట్టాలో తెలియక నిలిచిపోతుంది. మా పద్ధతిలో దాదాపు ప్రతి పనికీ ఎదుటి మనిషి ఉంటుంది, లెక్క ఉంటుంది. ముగ్గురికి ముగ్గురు, అయిదు పాయింట్లకి ఆట. డ్రిబ్లింగ్ బంద్, పాసులే. బాస్కెట్‌కి ఒకటి, రీబౌండ్‌కి, అంటే రింగులో పడకుండా తిరిగొచ్చిన బంతి పట్టుకుంటే, ఒకటి. బంతి చేజార్చుకుంటే ఒకటి పోతుంది. జట్లు రోజూ మారతాయి. ఎవరి జట్టు గెలిస్తే వాళ్ల పేర్ల ఎదుట గోడ మీద సుద్దగీత. ఓడిన జట్టు కోర్టు ఆ చివరినుంచి ఈ చివరికి రెండుసార్లు పరిగెత్తాలి.

ఇది నేను కనిపెట్టింది కాదు. ప్రాక్టీసులో ప్రతి చిన్న పనికీ లెక్క రాయడం పెద్ద పెద్ద కోచ్‌లు ఎప్పటినుంచో చేస్తున్నదే. నాకు బాగా ఇష్టమైన కోచ్ జాన్ వుడెన్. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ జట్టుకి 1964 నుంచి 1975 లోపు 10 జాతీయ టైటిళ్లు తెచ్చిన మనిషి, బైబిలు రోజూ చదివే విశ్వాసి. 1974-75 సీజనులో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆయన ప్రాక్టీసుల్లో కూర్చుని ఆయన నోటినుంచి వచ్చిన ప్రతి మాటనీ వర్గీకరించి రాసుకున్నారు. పొగడ్తలూ తక్కువే, తిట్లూ తక్కువే. నూటికి 75 పాళ్లు సమాచారం: ఇలా నిలబడు, మోచెయ్యి లోపలికి, పాస్ ఛాతీ ఎత్తులో. గెలవండి అనే మాట తన ఆటగాళ్లతో ఎప్పుడూ అనలేదని చెప్పుకునేవాడాయన. అలాంటాయన ప్రాక్టీసే మ్యాచ్ కంటే కష్టంగా ఉండేదని ఆయన దగ్గర ఆడినవాళ్లు చెబుతారు. గెలుపు గురించి మాట్లాడకపోవడం, ప్రాక్టీసుని తేలిగ్గా పోనివ్వకపోవడం, ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా కుదిరాయా అని నేను చాలాకాలం తలపోశాను.

అది నాకు విడమర్చి చెప్పింది ముత్యాలమ్మపాలెం నుంచి వచ్చే ఒక అమ్మాయి.

రీబౌండ్ కోసం జరిగే పోరు దగ్గర్నుంచి చూస్తే గానీ తెలియదు. షాట్ వెయ్యగానే అందరి కళ్లూ బంతి మీదికి పోతాయి. మంచి ఆటగత్తె మాత్రం ముందు ఎదుటి పిల్లని వెతుక్కుంటుంది. గిర్రున తిరిగి ఆమెకి వీపు ఆనించి, మోకాళ్లు వంచి, మోచేతులు వెడల్పు చేసి ఆమెని తన వెనకే ఉంచి, అప్పుడు తలెత్తి బంతి చూస్తుంది. దాన్ని బాక్స్ అవుట్ అంటారు. ఎత్తుతో గాని బలంతో గాని అయ్యే పని కాదది, పట్టుదలతో అయ్యే పని. ఆ సాయంత్రం ఇద్దరు స్నేహితురాళ్లు ఎదురెదురు పడ్డారు. ఒకమ్మాయికి ఆ రోజు స్కూల్లో ఏదో అవమానం జరిగింది, కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. రెండో అమ్మాయి అది చూసింది. షాట్ రింగుకి తగిలి పైకి లేచింది. ఆమె తిరగాల్సినట్టే తిరిగింది, వీపు ఆనించింది, ఆపైన ఒక్క అడుగు పక్కకి తప్పుకుంది. బంతి వచ్చి కళ్లెర్రబడ్డ పిల్ల చేతుల్లో పడింది. మళ్లీ అలాగే. మూడోసారి ఆ పిల్ల బంతిని నేలకేసి కొట్టి, "నువ్వు కావాలనే ఒగ్గీసినావు. నేనేటి నీకు అంత చేతకాన్దాన్లా కనబడతన్నానా? రేపు అనకాపల్లోల్లు ఒగ్గేత్తారేటి?" అని అరిచింది. అరిచి ఏడ్చింది.

రెండో అమ్మాయి బిక్కచచ్చిపోయింది. నేను విజిల్ వెయ్యలేదు. కాసేపటికి వాళ్లే మళ్లీ రింగు కిందికి వెళ్లారు. ఈసారి తప్పుకున్నవాళ్లెవరూ లేరు. భుజానికి భుజం తగిలే చప్పుడు కోర్టు అవతలికి వినిపించింది. ఏడ్చిన పిల్లకి బంతి దొరకలేదు, తర్వాతి దఫాలో దొరికింది. దొరికినప్పుడు ఆమె మొహం నేను చూశాను. ఇచ్చిన బంతి పట్టుకున్నప్పటి మొహం వేరు, తెచ్చుకున్న బంతి పట్టుకున్నప్పటి మొహం వేరు.

ఆ సంగతి తర్వాత ఏడ్చిన పిల్ల తాతకి చెప్తే ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. ఒడ్డునుంచి పెద్దవల లాగేటప్పుడు తాడు మీద పాతికమంది ఉంటారట. "ఒకడు లాగినట్టు నటించినాడనుకో బాబూ, సేప తగ్గదు, బరువు తగ్గదు. పక్కోడి సేతులు కోసుకుపోతాయి" అన్నాడు. సముద్రం మీద బతికినవాడికి ఇంతకంటే వివరం అక్కర్లేదు. స్నేహితురాలి మీద జాలితో ఒక అడుగు తప్పుకున్న పిల్ల ఆమె బరువు తగ్గించలేదు. దాన్ని మ్యాచ్ రోజుకి వాయిదా వేసింది.

ఇక్కడికొచ్చాక బాస్కెట్‌బాల్ పుట్టిన కథ నాకు కొత్తగా అర్థమైంది. జేమ్స్ నైస్మిత్ 1861లో కెనడాలో పుట్టాడు. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోయారు. మాంట్రియల్‌లో పాస్టరు కావడానికి దైవశాస్త్రం చదువుతూ రగ్బీ ఆడేవాడు. ఆట సైతాను పనిముట్టని తోటి విద్యార్థులు నమ్మే కాలం. అతని ఆత్మ కోసం ప్రార్థన చేశారట. ఒక మ్యాచ్‌లో పక్కన ఆడుతున్నవాడు కోపంతో బూతు మాట అని, వెంటనే ఇతని వైపు తిరిగి, నువ్వున్నావని మరిచిపోయానని క్షమాపణ అడిగాడు. నైస్మిత్ అతనికి ఏనాడూ బోధించలేదు, పక్కన నిజాయితీగా ఆడాడంతే. ప్రసంగ వేదిక ఎక్కకుండా కూడా మనుషుల మేలు చూడొచ్చని అతనికి తోచింది. వైఎంసీఏలో చేరాడు.

1891 డిసెంబరు, అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరు. చలికాలం బయట ఆడలేక లోపల కసరత్తులతో విసిగిపోయిన 18 మంది మొండి విద్యార్థులు. వాళ్లకోసం కొత్త ఆట తయారుచెయ్యమని పైఅధికారి లూథర్ గులిక్ రెండు వారాలు గడువిచ్చాడు. తొలి ప్రయత్నం ఎలా ముగిసిందో నైస్మిత్ 1939లో, తాను పోయిన ఏడాదే, రేడియోలో చెప్పాడు. కుర్రాళ్లు బంతి పట్టుకుని పరిగెత్తారు, పట్టుకున్నవాణ్ణి మిగతావాళ్లు పడగొట్టారు, గుద్దుకున్నారు. కళ్లు నల్లగా కమిలాయి, ఒకడి భుజం జారింది.

ఆ గదిలో ఇంకొకరెవరైనా ఉంటే పోటీ తీసేసేవారు. నైస్మిత్ పోటీ తియ్యలేదు. బంతితో పరిగెత్తకూడదన్నాడు. పరిగెత్తేవాడే లేకపోతే వాణ్ణి పడగొట్టాల్సిన పనీ లేదు. గోలుని నేలమట్టం నుంచి తీసి, పీచ్ పళ్ల బుట్టగా 10 అడుగుల పైకి ఎత్తాడు. అక్కడికి బంతి విసురుగా కొడితే చేరదు, వంపుగా, మెత్తగా వెయ్యాలి. భుజంతో తొయ్యడం, పట్టుకోవడం, కాలడ్డం పెట్టడం తప్పన్నాడు. మొత్తం 13 నియమాలు. ఎదుటివాడి మీద పూర్తి బలంతో పోరాడు, కానీ వాడి ఒంటికి హాని చెయ్యకు. ఈ రెండు మాటలకీ చోటుండేలా ఒక ఆట కట్టాడు. మా సంఘ పెద్ద నన్నడిగిన ప్రశ్ననే దైవశాస్త్రం చదివిన ఆ ముప్ఫై ఏళ్ల యువకుడు పీచ్ పళ్ల బుట్టలతో విప్పాడని నాకనిపిస్తుంది. నా మటుకు నాకు ఈ ఆటంటే గౌరవం పెరిగింది అక్కడే.

ఆ నైస్మిత్ పుట్టిన కెనడా నుంచే 1874లో బాప్టిస్టు మిషనరీలు కాకినాడ చేరి, అక్కణ్ణించి మా ఉత్తర కోస్తా అంతా సంఘాలు కట్టారు. విశాఖలో ఆ మిషన్ పేరు మీదున్న సీబీఎం కాంపౌండ్ పేరు వినని ఆటోవాడుండడు. మద్రాసులో 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టాడు. ఆసియాలో అలాంటి కాలేజీ అదే మొదటిది. అక్కడ చదివి వచ్చిన డ్రిల్లు మాస్టర్లు మన హైస్కూళ్లకి బాస్కెట్‌బాల్‌ని మోసుకొచ్చారు. అంటే మా గోడ పక్క ఆట మీద ఏ సిలువ గుర్తూ లేకపోయినా దాని వెనక విశ్వాసుల చెయ్యి ఉంది.

వాక్యంలో ఈ సంగతికి దగ్గరగా ఏముందని వెతికాను. అందరూ చెప్పేది పౌలు కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక, 9వ అధ్యాయం. పరుగుపందెం, బహుమానం, వాడిపోయే కిరీటం. కొరింథుకి దగ్గర్లోనే రెండేళ్లకోసారి పెద్ద ఆటలు జరిగేవి కాబట్టి ఆ పోలిక ఆ ఊరివాళ్లకి ఇట్టే తెలిసుంటుంది. ఉక్కునగరం పక్కన ఉన్నాం గనుక ఇనుము పదును గురించిన సామెతల గ్రంథం మాట కూడా మా యూత్ మీటింగుల్లో తరచూ వినిపిస్తుంది. నాకు మాత్రం ఆదికాండం 32వ అధ్యాయమే దగ్గరైంది. యాకోబు యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా ఒకరితో పెనుగులాడాడు. తెల్లవారబోతున్నా విడవలేదు. తొడగూడు వసిలినా విడవలేదు. చివరికి దీవెన అందుకున్నది తనతో పెనుగులాడినవాడి దగ్గరే. తనకి అడ్డం నిలిచినవాడు రాత్రి మధ్యలో జాలిపడి పక్కకి తప్పుకుని ఉంటే యాకోబుకి ఇశ్రాయేలు అనే కొత్త పేరు వచ్చేది కాదు. ఆ భాగం ఎన్నోసార్లు విన్నాను గానీ, ఆ ఇద్దరు పిల్లల్ని చూశాకే అందులోని పెనుగులాట నా ఒంటికి తెలిసింది.

అందుకని ఇప్పుడు మా కోర్టు మీద దయ ఎక్కడ చూపించాలో ఎక్కడ చూపించకూడదో పిల్లలకి స్పష్టంగా చెప్తాను. ఆట నడుస్తున్నంతసేపూ ఎదుటి పిల్లకి నీ పూర్తి బలం ఇవ్వాలి. అది ఆమె హక్కు. విజిల్ పడగానే కింద పడ్డ పిల్లకి చెయ్యి అందించాలి. అదీ ఆమె హక్కే. ఓడినవాళ్లు పరిగెత్తుతుంటే గెలిచినవాళ్లు ఖాళీగా నిలబడరు. వాళ్లకోసం సీసాల్లో నీళ్లు నింపి, పరుగు అయ్యేసరికి మూతలు తీసి అందిస్తారు. యోహాను సువార్త 13వ అధ్యాయంలో ప్రభువు తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగిన సంగతి నా మనసులో ఉండి ఆ నియమం పెట్టాను. పిల్లల్లో సగంమందికి ఆ కథ తెలియదు. నీళ్లు పొయ్యడం మాత్రం అందరికీ వచ్చు. మొదట్లో మొక్కుబడిగా చేసేవారు. ఇప్పుడు ఎవరికి ఎంత దాహమో, ఎవరికి నీళ్లు మొహం మీద చల్లుకోవడం ఇష్టమో కూడా తెలుసు వాళ్లకి.

స్కోరు విషయంలో ఒక గట్టు కూడా కట్టాల్సి వచ్చింది. ఒక తండ్రి గోడని ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లాడు. మర్నాడు వాళ్లబ్బాయి తలొంచుకుని వచ్చాడు. ఇంట్లో పక్కింటి పిల్లాడి గీతలతో పోల్చి చూశారట. సుద్దగీత ఆ సాయంత్రం ఆటకి గుర్తు, ఆ పిల్లాడి విలువకి కొలత కాదు. ఈ మాట నోటితో చెప్తే సరిపోదని అర్థమై, శనివారం ప్రాక్టీసు అయ్యాక గోడ కడిగేస్తున్నాం. బకెట్టుతో నీళ్లు కొట్టి, గోనెసంచి ముక్కతో రుద్దుతారు పిల్లలు. ఎక్కువ గీతలున్నవాడూ, ఒక్క గీతా లేనివాడూ కలిసే రుద్దుతారు. ఆదివారం ఎవరి పేరు మీదా ఏ లెక్కా ఉండదు. సోమవారం అందరూ సున్నా నుంచే. విశ్రాంతి దినాన్నీ, అప్పులు కొట్టేసే సంవత్సరాన్నీ ఇశ్రాయేలుకి దేవుడు ఎందుకిచ్చాడో ఆ తడిగోడ దగ్గర నాకు కొంచెం తెలుస్తుంది.

మా దగ్గర రిఫరీ ఉండడు. ఫౌల్ ఎవరు చేస్తే వాళ్లే చెప్పాలి. విశ్వాసానికి అసలు పరీక్ష ఇక్కడే ఉందని నా నమ్మకం, ఎందుకంటే పోటీ గట్టిగా ఉన్నప్పుడే నిజం చెప్పడానికి ఖర్చవుతుంది. నాలుగు-నాలుగు మీద ఆట నడుస్తుండగా ఒక కుర్రాడు అద్భుతంగా బంతి లాగేసుకుని లేఅప్ వేశాడు. అందరూ గెలిచామని చేతులు కలుపుతుంటే వాడు ముంజేతి మీద కొట్టుకుని చూపించాడు, నాది ఫౌలు అని. ఎదుటి జట్టువాడికి కూడా తెలియలేదు ఆ దెబ్బ. ఆట వాళ్లకి పోయింది, వాడి జట్టు పరిగెత్తింది. వాళ్లలో ఒకడు సణిగాడు కూడా. ఆ నిజం చెప్పిన కుర్రాడు క్రైస్తవుడు కాదు. అప్పుడు అయ్యప్ప మాలలో ఉన్నాడు.

మాల గురించి చెప్పాలి. కార్తీకం వచ్చేసరికి మా జట్టులో ఒకరిద్దరు నల్లబట్టలతో, కాళ్లకి చెప్పుల్లేకుండా వస్తారు. దీక్ష 41 రోజులు. బూట్లు వేసుకోరు. సిమెంటు మీద వట్టికాళ్లతో పరుగు, గెంతు పెడితే పాదాలు బొబ్బలెక్కుతాయి. వాళ్లకోసం ఆ రోజుల్లో నిలబడి వేసే ఫ్రీ త్రోల పోటీ, పాసుల పోటీ పెంచుతాను. మధ్యాహ్నపు వేడి సిమెంటులో ఇంకా ఉంటే కోర్టు మీద నీళ్లు చల్లిస్తాను. ఫౌలు ఒప్పుకున్న ఆ రోజు మాత్రం చల్లబడ్డ నేల మీద ఒక్క ఆట ఆడతానని ఆ కుర్రాడే అడిగాడు. దీక్షలో ఉన్నవాణ్ణి అందరూ పిలిచినట్టే నేనూ 'స్వామీ' అనే పిలుస్తాను. మా చర్చిలో ఒకరిద్దరికి ఇది నచ్చదు. నాకు మాత్రం ఇందులో తడబాటు లేదు. తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుని, రోజూ ఒంటిపూట భోజనంతో వచ్చి మా పిల్లలతో పోటీపడే ఆ కుర్రాడి కట్టుబాటు ముందు నా కట్టుబాటూ నిలబడగలగాలి. ఈస్టరుకి ముందు శ్రమకాలంలో నేను ఉపవాసముండి విజిల్ పట్టుకున్నప్పుడు వాడే అడుగుతాడు, "సార్, ఈ పూట మీరు కూర్చోండి, లెక్క నేను రాస్తా" అని. కోచ్‌గా ఈ పిల్లల మీద నాకున్న చనువుని నా మతం వైపు తిప్పుకోవడానికి వాడను. వాళ్ల తల్లిదండ్రులు ఆట కోసం పంపారు. ఆటలో నా విశ్వాసం ఎంత కనిపిస్తే అంతే కనిపించాలి.

ఇక ఆదివారం. టోర్నమెంటుల ఫైనల్సు ఎప్పుడూ ఆదివారమే పెడతారు, సెలవు కాబట్టి. స్కాట్లండ్ కుర్రాడు ఎరిక్ లిడెల్ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో తన ప్రధాన పందెం 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని పరుగు మానుకున్నాడు. 400 మీటర్లకి తయారై 47.6 సెకన్లలో బంగారు పతకం కొట్టాడు. ఆ మరుసటి ఏడాది లండన్ మిషనరీ సొసైటీ తరఫున చైనా వెళ్లి, 1945లో జపాను వాళ్ల నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. లిడెల్ కథ పిల్లలకి చెప్తాను. కానీ లిడెల్ తన పందెం తాను వదులుకున్నాడు, అయిదుగురి ఆటలో ఒక పిల్ల రాకపోతే మిగతా నలుగురు ఇరుక్కుంటారు. అందుకని ఆదివారం ప్రాక్టీసు పెట్టను, ఆ మాట మీద నిలబడ్డాను. మ్యాచ్ పడితే మాత్రం ఏ ఇంటి నిర్ణయం ఆ ఇంటిదే. మొదటి ఆరాధనకి వెళ్లి బస్సెక్కే పిల్లలుంటారు, ఆ రోజుకి రానని ముందే చెప్పే పిల్లలుంటారు. రాని పిల్ల మర్నాడు వస్తే ఆమె చోటు ఆమెకే ఉంటుంది. ఆమె బదులు ఆడినవాళ్లు అంత గట్టిగా తయారై ఉండటం ఆ పిల్ల పట్ల మిగతావాళ్ల బాధ్యత. సోమవారం నుంచి శనివారం దాకా గోడ పక్కన జరిగే పోరు అందుకు కూడా పనికొస్తుంది.

సంఘ పెద్దాయనకి ఇదంతా ఒక్కసారిగా చెప్పలేదు. ఒక శనివారం రమ్మన్నాను. వచ్చి, తన మనవరాలు రింగు కింద ఒకరిని వీపుతో తోసిపట్టి ఆపడం చూశారు, ఓడి పరిగెత్తడం చూశారు, ఆమె వీపు వెనక ఆగిపోయిన పిల్లే నీళ్లసీసా తెచ్చివ్వడం చూశారు. గోడ కడిగేటప్పుడు పంచె ఎగ్గట్టి బకెట్టు అందుకున్నారు.

మొన్న జిల్లా పోటీలకి బస్సెక్కే ముందు ఒక తల్లి ఇంకో ప్రశ్న వేసింది. "సార్, మీరు మ్యాచ్ ముందు కళ్లు మూసుకుంటారు కదా, అవతలోళ్ల కోచూ మూసుకుంటాడు. ఇద్దర్లో ఎవరి మాట వింటాడు దేవుడు?" అంది. గెలుపు అడగనమ్మా అన్నాను. అందరం అరనిమిషం నిలబడతాం, ఎవరి దేవుణ్ణి వాళ్లు తలచుకుంటారు. పిల్లలు భయపడకుండా నిండుగా ఆడాలని, తప్పు చేస్తే ఒప్పుకునే ధైర్యం ఉండాలని, అవతలి జట్టు కూడా బాగా ఆడాలని నేను అడుగుతాను. చివరిది విని ఆమె నన్ను ఎగాదిగా చూసింది. వాళ్లు బాగా ఆడకపోతే మనం ఎంత నేర్చుకున్నామో మనకెలా తెలుస్తుంది అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే మా పిల్ల మోకాలు సంగతి కూడా అడగండి. పోయినసారి వాచిపోనాది" అంది.

అడిగాను. అవతలి జట్టు పిల్లల మోకాళ్ల గురించి కూడా అడిగాను. ఆ తర్వాత రెండు జట్లూ నలభై నిమిషాలు ఒకరినొకరు ఊపిరి తీసుకోనివ్వలేదు.